ల్యాప్‌టాప్ పోతే కొత్తది కొనవచ్చు, మరి అందులో ఉన్నవి?



పోయిన టర్మ్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ ప్రాజెక్ట్ ఒకటి ఇచ్చాను. ఇంట్లోని పెద్దవాళ్లలో ఒకరిని వాళ్ల చిన్నప్పటి సంగతులు అడిగి, వాటిని ఇంగ్లిష్‌లో రాసి, ఫొటోలతో పీపీటీ చేసి తేవాలి. ఇవ్వాల్సిన రోజు ఒక అమ్మాయి ఖాళీ చేతులతో వచ్చింది. “ల్యాప్‌టాప్ పాడైపోయింది మేడమ్” అంది. టీచర్లు తరచుగా వినే మాటే కాబట్టి నేను నమ్మలేదు. “సాకులు చెప్పొద్దు” అని అందరి ముందూ అనేశాను.

తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మగారు వచ్చారు. “ప్రాజెక్ట్‌దేముంది మేడమ్, పాప మళ్లీ చేస్తుంది. కానీ దానికోసం మా మామయ్యగారితో మాట్లాడుతూ తీసిన వీడియో కూడా అందులోనే ఉండిపోయింది. ఫోన్‌లో జాగా లేదని ల్యాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్‌లోంచి తీసేశాం. ఆయన పోయిన నెల కాలం చేశారు” అన్నారు. హార్డ్ డిస్క్ చూసిన రిపేరు అబ్బాయి కష్టమని చెప్పేశాడట.

మర్నాడు అదే క్లాసులో ఆ అమ్మాయికి సారీ చెప్పాను. మిగతా ఇళ్లలో ఇలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మార్చడం వేరు, బ్యాకప్ వేరు

ఆ ఇంట్లో వాళ్లు వీడియోను జాగ్రత్త చేశామనే అనుకున్నారు. నిజానికి ఒక చోటి నుంచి మరో చోటికి మార్చారంతే. అప్పుడూ ఒకటే కాపీ, ఇప్పుడూ ఒకటే కాపీ. ఒకే ఫైల్ రెండు వేర్వేరు చోట్ల ఉంటేనే అది బ్యాకప్.

హార్డ్ డిస్క్ తిరిగే యంత్రం. చాలా ల్యాప్‌టాప్ డిస్కులు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. ఏదో ఒక రోజు అరిగిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు ఉండవు కానీ, అది ముందుగా ఏ శబ్దమూ చేయకుండానే ఆగిపోవచ్చు. డేటా రికవరీకి వేలల్లో ఖర్చవుతుంది, దొరుకుతుందన్న హామీ మాత్రం ఉండదు.

వైరస్‌ల బెడద మరొకటి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. వేరే చోట కాపీ ఉన్నవాళ్లకు అలాంటి బెదిరింపుతో పని లేదు.

గుర్తుంచుకోవడానికి 3-2-1

కంప్యూటర్ రంగంలో వాడే సులువైన సూత్రం ఇది. ముఖ్యమైన ఫైల్‌కు 3 కాపీలు ఉండాలి. అవి 2 రకాల పరికరాలలో ఉండాలి. వాటిలో 1 ఇంటి బయట ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్ లాంటి ఆన్‌లైన్ ఖాతాలో ఒకటి అనుకోండి. దొంగతనం జరిగినా, వాన నీళ్లు ఇంట్లోకి వచ్చినా మూడోది మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో ఉందిలే అని ధీమాగా ఉండేవారికి మూడు జాగ్రత్తలు:

1. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాను జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ పంచుకుంటాయి. అది నిండితే కొత్త ఫొటోలు పైకి వెళ్లడం ఆగిపోతుంది.

2. ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు, ఆ యాప్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే ఆన్‌లైన్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది. డ్రైవ్ ట్రాష్‌లో అయితే 30 రోజులే.

3. రెండేళ్లపాటు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. పిల్లల పేరు మీద తెరిచి మర్చిపోయిన ఖాతాలుంటే ఒకసారి లాగిన్ అవండి.

ఈ ఆదివారం అరగంట

ముందు పోకూడనివి ఏవో పిల్లలతో కూర్చుని రాసుకోండి: కుటుంబ ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, పిల్లల ప్రాజెక్టులు. సినిమాలు, పాటలు మళ్లీ దొరుకుతాయి, వాటిని వదిలేయండి.

ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి, విండోస్ సెర్చ్‌లో ‘ఫైల్ హిస్టరీ’ అని టైప్ చేసి ఆన్ చేయండి. మ్యాక్ ఉన్నవారికి టైమ్ మెషీన్ ఉంటుంది. పని అయ్యాక డిస్క్‌ను తీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ దానికీ సోకుతుంది. ఆధార్, సీబీఎస్‌ఈ మార్కుల పత్రాల వంటివి డిజీలాకర్‌లోనూ తెచ్చిపెట్టుకోవచ్చు.

చివరిగా, బ్యాకప్‌లోంచి ఒక ఫైల్‌ను తెరిచి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. మన పిల్లలు ఇష్టంగా చూసే ‘టాయ్ స్టోరీ 2’ సినిమా తయారవుతుండగా, 1998లో పిక్సార్ సంస్థలో పొరపాటున ఇచ్చిన ఒక కమాండ్ వల్ల చాలా ఫైళ్లు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందనుకున్నారు, తీరా చూస్తే అది సరిగా పనిచేయడం లేదు. పసిబిడ్డ ఉండటంతో ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని కంప్యూటర్‌లో ఒక కాపీ ఉండబట్టి సినిమా బతికింది. అంత పెద్ద సంస్థనూ కాపాడింది ఇంకో చోట ఉన్న ఒక్క కాపీయే.

నెలకోసారి, ఫీజు కట్టే రోజో కరెంటు బిల్లు కట్టే రోజో గుర్తు పెట్టుకుని ఈ పని పిల్లలకే అప్పగించండి. హోంవర్క్ కన్నా ఇష్టంగా చేస్తారు.

ఆ అమ్మాయి ప్రాజెక్ట్ మళ్లీ చేసింది. ఈసారి వాళ్ల నానమ్మగారి గురించి. ముందురోజు రాత్రే నాకు మెయిల్ చేసింది, పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లోనూ తెచ్చింది. “ఇంట్లో ఇంకొకటి ఉంది మేడమ్” అని కూడా చెప్పింది.