ఇంజిన్ విప్పితే బయటపడే అరుగుదల శాస్త్రం

పాత కారు పొగగొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తున్నా, ఆయిల్ మాటిమాటికీ పోయాల్సి వస్తున్నా మెకానిక్ షెడ్డులో వినిపించే మాట ఒకటే: "ఇంజిన్ బోరుకొచ్చింది." సిలిండర్లు అరిగిపోయాయని దాని అర్థం. బోరు పని చేయిస్తే ఖర్చు తక్కువేమీ కాదు. పొగకు అసలు కారణం వాల్వ్ సీల్ అయితే ఆ ఖర్చంతా వృథా. ఏది నిజమో ఇంజిన్ విప్పితే తేలుతుంది. ఇంటి దగ్గరే ఆ పనికి పూనుకునే ఔత్సాహికులు మరిచిపోకూడని విషయం ఒకటుంది. అరుగుదల వదిలిన ఆధారాలన్నీ భాగాల మీదే ఉంటాయి, విప్పే తొందరలో అవి చెరిగిపోతే మళ్లీ దొరకవు.

1983 డిసెంబరులో రోడ్డెక్కి, మూడు దశాబ్దాల పాటు తయారైన మారుతి 800నే తీసుకుందాం. దాని 796 సీసీ ఇంజిన్‌లో మూడు సిలిండర్లు ఉంటాయి. ఒక్కో సిలిండర్ వ్యాసం 68.5 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 72 మి.మీ. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ప్రతి పిస్టన్ సెకనుకు 100 సార్లు ఆగి దిశ మార్చుకుంటుంది. అరుగుదల రహస్యం ఆ ఆగడంలోనే ఉంది.

పానా పట్టకముందే పరీక్ష

ముందుగా కంప్రెషన్ పరీక్ష చేయాలి. ఇగ్నిషన్, ఇంధన సరఫరా ఆపి, ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ బిగించి, సెల్ఫ్‌తో ఇంజిన్ తిప్పి పీడనం చూస్తారు. ఒక సిలిండర్‌లో పీడనం తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఇప్పుడు పీడనం పెరిగితే రింగులూ సిలిండరూ అరిగినట్టు. పోసిన ఆయిల్ వాటి మధ్య సందును కాసేపు మూసిందన్నమాట. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉండవచ్చు.

తీసిన ఆయిల్ కూడా సాక్ష్యమే. పాలు కలిపిన కాఫీలా ఉంటే కూలెంట్ కలిసిందని అనుమానించాలి. రాగి రంగు రజను కనిపిస్తే బేరింగుల పైపొర అరిగి లోపలి పొర బయటపడి ఉండవచ్చు.

హెడ్ విప్పే వరుస

బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాకే పని మొదలుపెట్టాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా మూత ఉన్న డబ్బాలో పట్టాలి. చైన్ పుల్లీకి వేలాడుతున్న ఇంజిన్ కింద చెయ్యి కూడా పెట్టకూడదు.

హెడ్ బోల్టులను ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంచుల నుంచి మధ్యకు, విడతలవారీగా వదులు చేయాలి. ఒక మూల ఒకేసారి వదిలితే బిగింపు బలం మిగతా బోల్టుల వద్ద పోగై అల్యూమినియం హెడ్ వంగే ప్రమాదం ఉంది. విప్పాక హెడ్ అడుగుతలం మీద నిలువుగా స్కేలు ఆనించి, దాని కింద ఫీలర్ గేజ్ రేకు దూర్చి వంపు చూస్తారు.

పైభాగమే ఎందుకు అరుగుతుంది?

హెడ్ తీసిన సిలిండర్ పై అంచు దగ్గర గోటితో తడిమితే చిన్న గట్టు తగలవచ్చు. రింగులు ఆ గట్టు దాకా వచ్చి వెనక్కి మళ్లాయి. గట్టు అరగని లోహం, దాని కింద ఉన్నది అరిగిన లోహం.

దీనికి వివరణ 19వ శతాబ్దపు ప్రయోగమొకటి చెబుతుంది. 1883లో బ్రిటిష్ ఇంజినీరు బోషాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ, బేరింగ్‌కు పెట్టిన రంధ్రాన్ని బిరడాతో మూశారు. లోపలి ఆయిల్ దాన్ని బయటకు నెట్టేసింది. తిరిగే ఇరుసు ఆయిల్‌ను సందులోకి లాక్కుని పీడనం పుట్టిస్తోందని, బరువును ఆ ఆయిల్ పొరే మోస్తోందని అలా తెలిసింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణిత సూత్రం ఇచ్చారు.

ఆ పొర నిలవాలంటే కదలిక కావాలి. పైకొసలో పిస్టన్ క్షణకాలం ఆగుతుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే మంట వేడికి ఆయిల్ పలుచనవుతుంది, వాయు పీడనం రింగులను గోడకు అదుముతుంది. పొర చిక్కిపోయి లోహం లోహాన్ని తాకుతుంది. అదీగాక కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా నెట్టడం వల్ల పిస్టన్ పక్కగోడకు ఒరుగుతుంది. దాంతో సిలిండర్ పైన వెడల్పుగా, కింద సన్నగా మారడమే కాక గుండ్రదనం కూడా కోల్పోతుంది.

పై గట్టును రీమర్‌తో తీసేయకుండా పిస్టన్‌ను పైకి తోస్తే రింగులు ఇరుక్కుని పిస్టన్ గాడులు విరగవచ్చు.

ఏ మూత ఆ రాడ్‌కే

కనెక్టింగ్ రాడ్ అడుగు మూతను రాడ్‌కు బిగించి ఉంచే దాని రంధ్రాన్ని గుండ్రంగా తొలుస్తారు. అందుకే రెండో సిలిండర్ మూత మూడో రాడ్‌కు పట్టినట్టే కనిపించినా ఆ రంధ్రం గుండ్రంగా ఉండదు. ఆయిల్ పొరకు ఉండే చోటు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. ఆ కాస్త చోటు పోతే కొత్త బేరింగు కూడా మాడిపోతుంది. విప్పకముందే ప్రతి రాడ్‌కూ మూతకూ సిలిండర్ సంఖ్య, అవి ఏ వైపు తిరిగి ఉన్నాయో గుర్తు వేయాలి. టైమింగ్ గుర్తులను ఫొటో తీయాలి. బోల్టులను భాగాలవారీగా సంచుల్లో వేసి పేర్లు రాయాలి.

తీర్పు కొలతలదే

బోర్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌నూ మూడు లోతుల్లో, రెండు దిశల్లో కొలవాలి. మూడు సిలిండర్లకు 18 కొలతలు. పైకీ కిందకీ తేడా ఎంతో, రెండు దిశల మధ్య తేడా ఎంతో లెక్కేసి సర్వీస్ మాన్యువల్ హద్దులతో పోల్చాలి. హద్దుల్లోపే ఉంటే హోనింగ్, కొత్త రింగులు సరిపోవచ్చు. హోనింగ్‌లో గోడ మీద పడే అడ్డదిడ్డపు సన్నగీతలు ఆయిల్‌ను పట్టి ఉంచుతాయి.

హద్దు దాటితే ఇంటి పని అక్కడితో ఆగుతుంది. బోరు పనికీ క్రాంక్ గ్రైండింగ్‌కూ లేత్ షాపుకు వెళ్లాల్సిందే. పెద్ద సైజు పిస్టన్లు ముందుగా కొని, వాటిని కొలిచి, ఆ కొలతకు తగ్గట్టు బోరు చేయించాలి.

చివరికి మిగిలేది నల్లటి పాత ఆయిల్. అందులో క్యాన్సర్ కారక రసాయనాలు ఉంటాయి కాబట్టి చేతులకు గ్లౌజులు తప్పనిసరి. దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను ఆ జాబితాలోనే చేర్చాయి. కాలువలో పారబోయకుండా మూత ఉన్న క్యాన్లో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేరేలా సేకరణదారులకు అప్పగించాలి.