నలభై ఎనిమిది ముఖాలు, ఒక్క క్లిక్కు

ఫిబ్రవరి మొదటి వారం. ఉదయం ఎనిమిదింపావుకల్లా మా తణుకు దగ్గరి ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఉన్నాను. ప్రేయర్ అయ్యేలోపు బెంచీలు సర్దుకోవాలి. ముందు చిన్నవాళ్లు కూర్చోడానికి పట్టా, దాని వెనక టీచర్లకు కుర్చీలు, ఆ వెనక నేల మీద నిలబడేవాళ్లు, అందరికన్నా వెనక బెంచీలెక్కేవాళ్లు. పదో తరగతి ‘బి’ సెక్షన్ హాజరు పట్టీలో నలభై ఎనిమిది పేర్లున్నాయి. పిల్లల్ని వరుసల్లో నిలబెట్టి తలలు లెక్కపెడితే నలభై ఏడే వచ్చాయి.

“ఇంకొకళ్లు ఎవర్రా?” అన్నాను.

“ఆడు గేటు దగ్గరున్నాడాంటీ. చొక్కా ఆరలేదంట, రానంటున్నాడు” అంది క్లాస్ లీడరమ్మాయి.

వెళ్లి చూస్తే నిజమే. రాత్రి ఉతికిన చొక్కా భుజాల దగ్గర ఇంకా తడిగానే ఉంది. ఫోటోలో తడి కనపడదు నాన్నా అంటే నమ్మలేదు. అక్కడే గోడ పక్కన నిలబెట్టి వాణ్ణొక్కణ్ణీ ఒక ఫోటో తీసి, కెమెరా వెనక తెర మీద చూపించాను. పెద్దది చేసి మరీ చూసుకుని, నా వెంట వచ్చాడు. మూడో వరుసలో కుడివైపు నుంచి నాలుగోవాడు. అప్పుడు తీశాను ఫోటో.

స్కూల్ ఫోటోగ్రాఫర్ పని ఏమిటని అడిగే కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. గ్రూప్ ఫోటో అంటే నలభై ఎనిమిది మంది గుంపు కాదు, నలభై ఎనిమిది ఫోటోలు ఒకేసారి తీయడం. ప్రింటు ఇంటికెళ్లాక ఎవరి కన్ను వాళ్ల ముఖాన్నే వెతుక్కుంటుంది. ఆ ఒక్క ముఖం బాగోకపోతే మిగతా నలభై ఏడూ బాగున్నా ఆ ఇంటికి అది పాడైన ఫోటోనే.

నాన్న స్టూడియో నుంచి

మాది చిన్న స్టూడియో. నాన్న పెట్టారు. డిగ్రీ అయ్యాక 2003లో నేను పనిలో చేరాను. ఆయన యాషికా కెమెరాలో 120 రోల్ వేసేవారు. రోల్‌కు పన్నెండే ఫోటోలు. ఫిల్మ్ ఖరీదు కాబట్టి ఒక్కో సెక్షన్‌కు రెండు మాత్రమే తీసేవారు. ఆ రెండింట్లో ఎవరూ కన్ను మూయకుండా చూడడం ఆయన ఒడుపు. “అందరూ కళ్లు మూసుకోండి. మూడు అనగానే తెరవండి” అనేవారు. తెరిచిన మరుక్షణం క్లిక్కు. ఇప్పటికీ నేను చేసేది అదే.

ఈ రెప్పపాటు మీద శాస్త్రవేత్తలే లెక్క వేశారు. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థకు చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్‌లకు 2006లో, సరదా పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది దీనికే. ఇరవై మంది లోపు గుంపును మంచి వెలుతురులో తీస్తుంటే, మనుషుల సంఖ్యను మూడుతో భాగించి అన్ని ఫోటోలు తీయాలి. వెలుతురు తక్కువైతే రెండుతో భాగించాలి. అలా తీస్తే అందరూ కళ్లు తెరిచిన ఫోటో ఒక్కటైనా దాదాపుగా దొరుకుతుందన్నమాట. నలభై ఎనిమిది మందికి ఆ లెక్క సరిపోదు. అందుకే నేను పదిహేను, ఇరవై తీసి, మూసిన కన్ను ఉంటే పక్క ఫోటోలోంచి అదే పిల్లవాడి తెరిచిన కన్ను తెచ్చి కలుపుతాను.

నీడ, దూరం, వెలుతురు

ఈ పనికి లక్షల కెమెరా అక్కర్లేదు. ఎక్కడ నిలబెట్టాలో తెలియాలి. వేపచెట్టు కింద చల్లగా ఉంటుందని మాస్టార్లు అక్కడికే రమ్మంటారు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖాల మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఫిబ్రవరిలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి బడి భవనానికి ఉత్తరం వైపు ఒకే తీరుగా నీడ దొరుకుతుంది. నేను అక్కడే బెంచీలు వేయిస్తాను.

వరుస తిన్నగా ఉండకూడదు. రెండు చివరలూ కాస్త ముందుకు, నెలవంకలా వంగి ఉంటే కెమెరాకి అందరూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటారు. ఎపర్చర్ ఎఫ్8 దగ్గర పెట్టి, ఫోకస్ ముందు వరుస మీద కాక రెండో వరుస మీద పెడతాను. అప్పుడు ముందువాళ్లూ వెనకవాళ్లూ స్పష్టంగా వస్తారు. ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన గ్రూప్ ఫోటో చూడండి, చివర నిలబడ్డ పిల్లల ముఖాలు సాగినట్టుంటాయి. వైడ్ లెన్స్ చేసే పని అది. చివర నిలబడ్డవాడికీ సరైన ముఖం దక్కాలంటే 50 ఎంఎం లెన్స్‌తో వెనక్కి జరిగి తీయాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. తెల్ల చొక్కాలు ఎక్కువగా ఉంటే కెమెరా మీటరు మోసపోయి ఫోటోని చీకటి చేస్తుంది. చామనఛాయ పిల్లల ముఖాలు మరీ నల్లగా పడతాయి. నేను చొక్కాని వదిలేసి, ముఖం చూసి ఎక్స్‌పోజర్ పెంచుతాను.

ఒకసారి పదో తరగతి పిల్లవాడు పరీక్ష ఫీజు ఫారం కోసం ఫోటోకి వచ్చాడు. “ఆంటీ, కొంచెం తెల్లగా చెయ్యండి. మా క్లాసులో అందరూ ఏడిపిస్తారు” అన్నాడు తలొంచుకుని. ఫోటోషాప్‌లో అది నిమిషం పని. చేయలేదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, తెల్ల థర్మోకోల్ షీటు వాడి ఒళ్లోనే పెట్టించి, కింద నుంచి వెలుతురు ముఖం మీద పడేలా చేశాను. కంప్యూటర్ తెర వాడి వైపు తిప్పాను. చాలాసేపు చూసుకున్నాడు.

“ఏమీ మార్చలేదా?”

“మార్చలేదు నాన్నా. నువ్వు ఇలాగే ఉంటావు.”

తల్లిదండ్రులు అడిగినా, స్కూలువాళ్లు అడిగినా రంగు మార్చే పని మా స్టూడియోలో లేదు. ఉన్న ముఖాన్ని ఉన్నంత అందంగా తీయగలిగితేనే మనకు పని వచ్చినట్టు.

ఏడాది పొడవునా ఏముంటుంది?

జూన్ 12న బడులు తెరుస్తారు. జులైలో ఐడీ కార్డుల ఫోటోలు. ఆగస్టు 15, ఆ తర్వాత పదో తరగతి పరీక్ష దరఖాస్తుల ఫోటోలు, నవంబరు 14న బాలల దినోత్సవం, సంక్రాంతికి ముందు ముగ్గుల పోటీలు, ఆటల పోటీలు, వార్షికోత్సవాలు. ఫిబ్రవరిలో గ్రూప్ ఫోటోలు. ఏప్రిల్ ఆఖరుకి బడులు మూస్తే జూన్ దాకా ఖాళీ. ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఒప్పుకుంటాను. నాకు పద్నాలుగు స్కూళ్లున్నాయి. సంపాదనలో సగం వాటి నుంచే, మిగతా సగం పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు. స్కూళ్ల మీదే ఇల్లు గడుస్తుందని నేను ఎవరికీ చెప్పను. కానీ పని బాగుంటే ఆ పద్నాలుగు మళ్లీ ఏడాది కూడా మనవే.

లామినేషన్ చేసిన 12×15 ప్రింటుకి నూట ఇరవై రూపాయలు తీసుకుంటాను. ప్రతి సెక్షన్‌కీ ఆర్డర్ కన్నా ఐదు ఎక్కువ వేయించి క్లాస్ టీచర్ చేతికిస్తాను. కొనలేనివాళ్లెవరో ఆవిడకు తెలుసు.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. ఏదైనా స్టూడియోలో రెండేళ్లు పనిచేసినా పని వస్తుంది. పెట్టుబడికి ముద్రా రుణాలున్నాయి. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు హామీ లేకుండా బ్యాంకులు ఇస్తాయి. ఆడపిల్లలు ఈ పనిలోకి రావాలని నా కోరిక. ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఇప్పటికీ బాలికల హాస్టల్‌కి నేను వెళితే పిల్లలు భుజాలు వదులు చేసి నిలబడతారు. ఆ తేడా ఫోటోలో తెలుస్తుంది.

పోగొట్టుకున్న రెండేళ్లు

డిజిటల్‌కి మారాక 2011లో నా హార్డ్ డిస్క్ పాడైంది. ఆరు స్కూళ్ల రెండేళ్ల ఫోటోలు పోయాయి. చాలా ఏళ్ల తర్వాత ఒక అబ్బాయి వచ్చి, గోదారి వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చి ఫోటో పాడైందని, తన 2010 గ్రూప్ ఫోటో మళ్లీ కావాలన్నాడు. లేదని చెప్పాల్సి వచ్చింది. స్టూడియో బీరువాలో మాత్రం నాన్న 1984 నుంచీ తీసిన నెగెటివ్‌లు బటర్ పేపర్ కవర్లలో, పైన స్కూలు పేరూ సంవత్సరమూ రాసి, పదిలంగా ఉన్నాయి. ఆ రోజు నుంచీ ప్రతి ఫోటోకీ మూడు కాపీలు. ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో.

దాచడం ఎంత ముఖ్యమో, ఎక్కడపడితే అక్కడ పెట్టకపోవడం అంతే ముఖ్యం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతోంది. మా స్టూడియో ప్రచారానికి ఒక్క పిల్లవాడి ముఖం కూడా ఫేస్‌బుక్‌లో పెట్టను. బోర్డు మీద ఉన్నవి మా పిల్లల ఫోటోలే.

ఈ పని చేయాలనుకుంటే ముందే కెమెరా కొనకండి. ఎవరిదైనా అడిగి తెచ్చుకుని, దగ్గరలోని బడికి వెళ్లి, హెడ్మాస్టరు గారి అనుమతితో ఒక్క సెక్షన్ గ్రూప్ ఫోటో ఉచితంగా తీయండి. తలలు లెక్కపెట్టండి. రానివాళ్లు గేటు దగ్గరున్నారేమో చూడండి. ఇంటికొచ్చి ఒక్కో ముఖాన్నీ పెద్దది చేసి, కింద పేరు తప్పు లేకుండా రాయండి. ఆ నలభై ఎనిమిదీ పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవాలనిపించకపోతే, ఈ పని మీదే.