మారాం కాదు, పంటి బాధ కావచ్చు!

"మొన్నటి దాకా క్యారెట్ ముక్క కనబడితే చాలు, కీచుకీచుమంటూ బోనంతా తిరిగేది. ఇప్పుడు మూతి దగ్గర పెట్టినా వాసన చూసి వెనక్కి పోతోంది. గడ్డి ముట్టదు. అరటిపండు మాత్రం కాస్త తింటోంది. గారాబం ఎక్కువై మారాం నేర్చినట్టుంది!"

గినీ పిగ్గులను పెంచే ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఇది. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకున్న ఈ చిన్న జంతువు తిండి దగ్గర పేచీ పెడితే పెద్దలు నవ్వి ఊరుకుంటారు. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని గిన్నె అక్కడే వదిలేస్తారు. గినీ పిగ్ విషయంలో ఈ ధీమా ప్రాణం మీదికి తెస్తుంది. దాని పొట్టలోకి ఆహారం ఎప్పుడూ వెళుతూనే ఉండాలి. తిండి ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, లోపల గ్యాసు చేరుతుంది, కాలేయం దెబ్బతింటుంది. కనుక సగం రోజు పాటు ఏమీ తినలేదంటే అది అలక కాదు, జబ్బు అనుకోండి. అదే రోజు పశువైద్యునికి చూపించాలి.

నోట్లో ఏముంది?

ఇది పేరుకు పంది గాని పంది కాదు. గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు వేల సంవత్సరాలుగా మాంసం కోసం పెంచుతూ వచ్చిన జంతువు. ఎలుకలు, ఉడుతల వర్గానికి చెందినది. దీనికి మొత్తం 20 పళ్ళుంటాయి. మనకు కనిపించేవి ముందున్న 4 మాత్రమే. తక్కిన 16 దవడల్లో లోపలికి ఉంటాయి. మన పళ్ళు ఒకసారి పెరిగి ఆగిపోతాయి. దీని పళ్ళు మాత్రం బతికినంత కాలం మన గోళ్ళలా పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితే ఆ పెరిగిందంతా అరిగిపోతుంది. గడ్డి తగ్గించి అన్నం, రొట్టె, బిస్కట్లు పెడితే అరిగేదెలా?

అరగని పళ్ళు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. కింది దవడ పళ్ళు నాలుక వైపు ఒరుగుతాయి. రెండు వైపుల నుంచీ పెరిగి ఒక్కోసారి నాలుక మీద వంతెనలా కమ్ముకుంటాయి. అప్పుడు నాలుక కదలక మింగడమే కష్టమవుతుంది. పై దవడ పళ్ళు మొనదేలి బుగ్గల లోపలి భాగాన్ని కోస్తాయి. ఎదురుగా తిండి ఉన్నా తినలేని దుస్థితి అది!

మారామా, బాధా?

నిజంగా మారాం చేసే గినీ పిగ్గులూ లేకపోలేదు. చిన్నతనంలో అలవాటైన రుచులనే ఇవి పట్టుకు వేళ్ళాడుతాయి. కొత్త కంపెనీ పెల్లెట్లు వేసినా, నీటి రుచి మారినా ముట్టకపోవచ్చు. అందుకే కొత్త ఆహారాన్ని పాతదానిలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయాలి.

అయితే వద్దనడం వేరు, తినలేకపోవడం వేరు. ఈ లక్షణాలు గమనించండి:

తిండి కోసం ఆత్రంగా వచ్చి, నోట పట్టి, వదిలేస్తుంది. మెత్తనివి తిని గట్టివి, ముఖ్యంగా ఎండుగడ్డి, మానేస్తుంది. చొంగ కారి గడ్డం కింద తడిగా ఉంటుంది. పెంటికలు చిన్నవై, సంఖ్య కూడా తగ్గుతుంది. ఒక కంటి నుంచి నీరు కారుతుంది లేదా ఆ కన్ను ఉబ్బినట్టుంటుంది. దవడ కింద గడ్డ కనబడితే వాపును చూసి బలుపనుకోకండి. అది పంటి మూలంలో పట్టిన చీము కావచ్చు.

ఒత్తయిన బొచ్చు వల్ల ఈ జంతువు చిక్కిపోయినా కంటికి తెలియదు. కనుక వారానికి ఒకసారి వంటింటి త్రాసులో తూచి, క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. కిలో బరువున్న జంతువు 100 గ్రాములు తగ్గిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. అంతకంటే తక్కువైనా వారం వారం తగ్గుతూ పోతుంటే ఆలస్యం చేయవద్దు.

తిండి మానడానికి పళ్ళొక్కటే కారణం కాదు. వడదెబ్బ, న్యుమోనియా, మూత్రాశయంలో రాళ్ళు ఉన్నా తినదు. కారణం తేల్చవలసింది డాక్టరే.

'సి' విటమిన్ సంగతి

మనుషుల్లాగే గినీ పిగ్ కూడా 'సి' విటమిన్‌ను తన ఒంట్లో తయారు చేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్‌స్ట్, ఫ్రోలిక్ వీటికి ఉత్త ధాన్యాలే పెట్టి చూస్తే స్కర్వీ వ్యాధి వచ్చింది. తాజా కూరలు, నిమ్మరసం ఇస్తే తగ్గింది. ఈ విటమిన్ లోపిస్తే చిగుళ్ళు దెబ్బతిని, పళ్ళను పట్టి ఉంచే కణజాలం బలహీనపడి పళ్ళు కదులుతాయి.

కిలో బరువుకు రోజుకు సుమారు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అవసరం. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంటే చిన్న ముక్క చాలు. క్యాప్సికం, కొత్తిమీర కూడా మంచివే. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలపడం వల్ల లాభం తక్కువ. అది త్వరగా పాడవుతుంది, రుచి మారి నీళ్ళు తాగడమే మానేయవచ్చు. పాత పెల్లెట్లలోనూ ఈ విటమిన్ నశిస్తుంది. కనుక తయారైన తేదీ చూసి కొనండి.

ఈ పొరపాట్లు చేయకండి

గోళ్ళ కత్తెరతో పళ్ళు కత్తిరించకండి. పన్ను నిలువునా చీలుతుంది. పైగా ముందు పళ్ళు పెరగడానికి అసలు కారణం చాలాసార్లు వెనకటి దవడ పళ్ళలోనే ఉంటుంది.

పిల్లలకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ ఎన్నడూ పట్టకండి. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి గినీ పిగ్ చనిపోవచ్చు. మనకు మందు, దానికి విషం!

దగ్గరలో ఈ జంతువులను చూసే డాక్టరు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో విచారించండి. దవడ పళ్ళు పైకి కనబడవు కనుక మత్తిచ్చి పరికరంతో చూడాలి, ఎక్స్‌రే తీయాలి. పెరిగిన పళ్ళను అరగదీస్తారు. మత్తు ఇస్తారు గదా అని మీ అంతట మీరు ముందే పస్తు పెట్టకండి. డాక్టరు చెప్పినట్టు చేయండి. కొన్నిటికి కొన్ని వారాలకొకసారి మళ్ళీ అరగదీయవలసి రావచ్చు.

అది తనంతట తాను తినేదాకా పెల్లెట్లను నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చేసి, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టాలి. ఎంత, ఎన్నిసార్లు అన్నది డాక్టరును అడిగి తెలుసుకోండి. పొట్ట బిగుసుకుని ఉబ్బి ఉంటే మాత్రం బలవంతాన పట్టకండి.

రాకుండా ఉండాలంటే

మందు కన్న గడ్డి మేలు! రోజంతా ఎండుగడ్డి అందుబాటులో ఉంచండి. ఆహారంలో అదే ప్రధానం కావాలి. మందులు చల్లని చోట కోసిన గరికను కడిగి వేయండి. ఉత్త వరిగడ్డిలో పోషకాలు తక్కువ. దాన్నే ఆహారంగా నమ్ముకోకండి. ఆకుకూరలు రోజూ గుప్పెడు, పెల్లెట్లు కొద్దిగా చాలు. పండు రుచికి మాత్రమే. పాలకూర ఎక్కువైతే మూత్రాశయంలో రాళ్ళు రావచ్చు.

గినీ పిగ్ నొప్పిని దాచుకుంటుంది. బలహీనత బయటపడితే వేటజంతువు పాలవుతుందన్న జాతి భయం దానిది. అందుకే మనకు తెలిసేసరికే జబ్బు ముదిరిపోతుంటుంది. రేపు ఉదయం గడ్డి వేసిన తరువాత పిల్లలతో పాటు మీరూ ఐదు నిమిషాలు అక్కడ కూర్చోండి. అది నములుతోందా లేదా చూడండి. ఆ ఐదు నిమిషాలే దాని ప్రాణం కాపాడవచ్చు.