ఈ ఫంక్షన్‌కి భోజనాలుండవు!

ఫంక్షన్ అంటే మనకి పెళ్లో, ఓణీల వేడుకో, గృహప్రవేశమో. ఆర్గ్యుమెంట్ అంటే కోర్టులో ప్లీడర్లు చేసేది, కాదంటే పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు పడేది. ఈ రెండు మాటలూ పక్కపక్కన చేరి కంప్యూటర్ పరీక్షలో ప్రత్యక్షమైతే... అదిగో, అక్కడే మొదలవుతుంది తంటా! ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు దిద్దుకుని మొదటి సర్టిఫికెట్ కోసం కూర్చునే పిల్లలు తడబడే చోటు ఇదే.

సముద్ర తీరంలోని వాకాడు స్వర్ణముఖి ఒడ్డు ఊరు. ఓపక్క వరి మళ్లు, మరోపక్క రొయ్యల గుంటలు. కాస్త అవతలికెళ్తే తూపిలిపాళెం సముద్రం. పేరుకి మారుమూల పల్లెపట్టే కానీ కంప్యూటర్ చదువుకి కొత్తదేం కాదు. పక్కనే ఉన్న కోట మండలం విద్యానగర్‌లో ఎన్బీకేఆర్ ఇంజినీరింగ్ కాలేజీ 1979లోనే వెలిసింది. దక్షిణాన శ్రీహరికోట. అక్కడ రాకెట్ లేచిందంటే వాకాడు తీరం వాళ్లు డాబా ఎక్కితే చాలు. ఇలాంటి చోట డిగ్రీ పిల్లాడు, పాలిటెక్నిక్ అమ్మాయి ఫోన్లోనే పాఠాలు విని పైథాన్ నేర్చుకుంటున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నేర్చుకోవడం వరకూ బాగానే ఉంటుంది. పరీక్ష దగ్గరే చిక్కు. పైథాన్ ఇనిస్టిట్యూట్ పెట్టే తొలిమెట్టు పరీక్ష పేరు పీసెప్. నలభై నిమిషాల్లో ముప్ఫై ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషం ఇరవై సెకన్లు. పాసవ్వాలంటే 70 శాతం రావాలి. అందులో ఫంక్షన్లు, ఎక్సెప్షన్ల భాగానికే 28 శాతం. ఫీజు 59 డాలర్లు, మన లెక్కలో ఐదువేల పైమాటే. రొయ్యకి రేటు పడిపోయిన ఏడాది ఆ ఐదువేలు ఇంట్లో అడగడమంటే మాటలా? మన ప్రభుత్వ సంస్థ నైలిట్ నిర్వహించే ‘ఓ’ లెవెల్ కోర్సులోనూ ఒకప్పుడు సీ భాష ఉండే పేపర్లోకి ఇప్పుడు పైథాన్ వచ్చింది. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లోనూ ఇదే పాఠం. ఎటు తిరిగినా ఆర్గ్యుమెంట్లు తప్పవన్నమాట.

ఖాళీ గడి... అందులో అంకె

ఇంతకీ ఏమిటివి? బ్యాంకుకెళ్లి డబ్బు కట్టే స్లిప్పు తీసుకోండి. ఖాతా నంబరు, పేరు, మొత్తం అని గడులు అచ్చువేసి ఉంటాయి. అవి అందరికీ ఒకటే. వాటిలో మీరు పెన్నుతో రాసేది మాత్రం మీది. ఫంక్షన్ తయారుచేసేటప్పుడు పెట్టుకునే గడుల పేర్లు పారామీటర్లు. దాన్ని పిలిచి పని చెప్పేటప్పుడు ఆ గడుల్లో పడే విలువలు ఆర్గ్యుమెంట్లు. రెంటికీ తేడా ఏమిటన్నది పరీక్షల్లో ఏళ్ల తరబడి అరిగిపోయిన ప్రశ్న. అయినా తప్పు రాసేవాళ్లు ఉంటూనే ఉన్నారు. అధ్యాపకులే ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటే పిల్లల్ని అనేం లాభం!

ఆర్గ్యుమెంట్ అన్న మాటకీ తగాదాకీ ఇక్కడ సంబంధం లేదు. అది లెక్కల్లోకి వచ్చింది ఖగోళశాస్త్రం దారిన. గ్రహం ఎక్కడుందో తెలుసుకోవడానికి పట్టికలో ఏ అంకె దగ్గర వేలు పెట్టి వెతకాలో, ఆ అంకెను ఆర్గ్యుమెంట్ అనేవారు. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిషు కవి చాసర్ రాతల్లోనే ఈ వాడుక కనిపిస్తుంది. మన సిద్ధాంతిగారు పంచాంగంలో తిథి చూసి నక్షత్రం చెప్పడం లాంటిదే. ఈ అంకె ఇస్తే ఆ ఫలితం.

రొయ్యలమ్మితే ఇరవై నాలుగు కోట్లు!

పైథాన్ మూడో తరంలో, అంటే 2008 నుంచి, ఫంక్షన్లకీ గడులకీ తెలుగు పేర్లు పెట్టుకునే వీలుంది. డెఫ్, రిటర్న్ లాంటి మూలపదాలు ఇంగ్లిషువే, మిగతాది మన ఇష్టం. అందుకని ఊళ్లో లెక్కే ఒకటి చూద్దాం. లాభం అనే ఫంక్షన్‌కి మూడు గడులు: కిలోలు, ధర, ఖర్చు. కిలోలను ధరతో హెచ్చవేసి ఖర్చు తీసేయడం దాని పని. రెండువేల కిలోల రొయ్య, కిలో నాలుగొందలు, గుంట మీద పెట్టింది ఆరు లక్షలు.

లాభం(2000, 400, 600000)

జవాబు రెండు లక్షలు. ఇప్పుడు పొరపాటున మొదటి అంకె, చివరి అంకె తారుమారయ్యాయి.

లాభం(600000, 400, 2000)

ఇరవై నాలుగు కోట్లకి రెండువేలు తక్కువ! పైథాన్ కిమ్మనదు. మూడు గడులు, మూడు అంకెలు... దానికి లెక్క సరిపోయింది. రొయ్య ఎక్కడ, మేత ఎక్కడ అని దానికేం తెలుసు? వరసే దానికి ప్రమాణం. వీటినే పొజిషనల్ ఆర్గ్యుమెంట్లంటారు.

ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. కిలోలూ ధరా తారుమారు చేసి చూడండి. జవాబు మళ్లీ రెండు లక్షలే! ఎటునుంచి హెచ్చవేసినా ఫలం ఒకటే కదా. ఇక్కడే కుర్రాళ్లు మోసపోతారు. జవాబు సరిపోయింది కాబట్టి వరస ఎలా ఉన్నా ఫర్వాలేదనుకుంటారు. పరీక్షలో తీసివేతో భాగహారమో వచ్చినప్పుడు తెలుస్తుంది దెబ్బ.

మనవాళ్లకి అలవాటు వల్ల వచ్చే చిక్కు మరోటి. ఆరు లక్షలు రాయమంటే చెయ్యి తెలియకుండానే 6,00,000 అని కామాలు పెట్టేస్తుంది. మనకి కామా అంటే లక్షకీ వేలకీ మధ్య గుర్తు. పైథాన్‌కి అది ఒక ఆర్గ్యుమెంటుకీ ఇంకో ఆర్గ్యుమెంటుకీ మధ్య గోడ. ప్రింట్(6,00,000) అంటే తెర మీద పడేది ఆరు లక్షలు కాదు. 6 0 0 అని మూడు విడివిడి అంకెలు! అదే లాభం ఫంక్షన్‌కి కామాలతో ఇస్తే ‘మూడు అడిగితే ఇన్నెందుకు ఇచ్చావ్’ అని టైప్ ఎర్రర్ కొడుతుంది. పెద్ద అంకె చదవడానికి వీలుగా ఉండాలంటే కామా బదులు అండర్‌స్కోర్ గీత వాడొచ్చు. 2016లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది.

పేరు చెబితే వరసతో పనిలేదు

వరస గుర్తుండదనుకుంటే గడి పేరు చెప్పి విలువ ఇవ్వొచ్చు.

లాభం(ఖర్చు=600000, ధర=400, కిలోలు=2000)

ఇవి కీవర్డ్ ఆర్గ్యుమెంట్లు. ఎటు తిప్పి రాసినా జవాబు మారదు. పంక్తిలో ఎక్కడ కూర్చున్నా పేరు పెట్టి పిలిచి వడ్డించినట్టు. రెండు పద్ధతులూ కలపొచ్చు కూడా. కానీ ముందు పేరులేనివి, తర్వాతే పేరున్నవి. ఒకసారి పేరు చెప్పడం మొదలుపెట్టాక మళ్లీ ఉత్త అంకె ఇస్తే సింటాక్స్ ఎర్రర్, ప్రోగ్రాం మొదలే కాదు. లాభం(2000, 400, కిలోలు=1500) అన్నారనుకోండి, కిలోల గడిలో ఇప్పటికే రెండువేలు పడింది. ఒకే గడికి రెండు విలువలేమిటని టైప్ ఎర్రర్. పరీక్ష పెట్టేవాళ్లకి ఇష్టమైన ప్రశ్నలివి. ‘జవాబు ఎంత’ అని అడిగి, నాలుగు అంకెల పక్కన ‘ప్రోగ్రాం తప్పు’ అని ఐదో చుక్క పెడతారు.

అడక్కపోతే రెండు రూపాయలే

అప్పు పుట్టించేటప్పుడు వడ్డీ మాట ఎత్తకపోతే నూటికి రెండు రూపాయలని ఇద్దరికీ తెలిసిన లెక్క. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్ సరిగ్గా అదే. వడ్డీ అనే ఫంక్షన్‌కి అసలు, నెలలు, రేటు అని మూడు గడులు పెట్టి, చివరి గడిలో ముందే 2 రాసి ఉంచుకున్నామనుకుందాం. వడ్డీ(10000, 6) అంటే 1200 వస్తుంది. వడ్డీ(10000, 6, 3) అంటే 1800. చెబితే చెప్పింది, చెప్పకపోతే ఉన్నది. షరతు ఒకటే: ముందే నింపిన గడులు వరసలో చివరికి ఉండాలి. రేటు మొదట పెట్టి అసలు తర్వాత పెడతానంటే పైథాన్ ఒప్పుకోదు.

ఇక ఇచ్చిన విలువను ఫంక్షన్ లోపల మార్చేస్తే బయట ఏమవుతుంది? ఇది కాస్త నిదానంగా చూడాల్సిన సంగతి. కిరాణా కొట్టాయనకి ‘మా బాకీ ఐదొందలు’ అని నోటిమాటగా చెప్పారు. ఆయన తన చిట్టాలో ఆరొందలని రాసుకున్నా మీ దగ్గరి అంకె మారదు. అలా కాక మీ పద్దుపుస్తకమే ఆయన చేతిలో పెట్టారు. ఆయన అందులో ఓ వరస రాస్తే ఇంటికొచ్చాక మీకూ కనబడుతుంది. పైథాన్‌లో అంకెలు, అక్షరాలు మొదటి రకం. లిస్టు రెండో రకం. లిస్టుని ఆర్గ్యుమెంటుగా ఇచ్చి లోపల ఏదైనా చేరిస్తే బయటి లిస్టులోనూ చేరుతుంది. అదే ఆయన మీ పుస్తకం పక్కనపెట్టి కొత్త పుస్తకం తెరిస్తే, అందులో ఎంత రాసినా మీదానికేం కాదు. లోపల లిస్టు పేరుకి కొత్త విలువ ఇవ్వడమంటే ఇదే. చేర్చడమా, కొత్తది తెరవడమా... జవాబంతా ఈ తేడాలోనే ఉంది.

సీ భాషతో మొదలుపెట్టిన అన్నయ్యలకి ఇదే ‘స్వాప్’ ప్రోగ్రాంగా గుర్తుంటుంది. రెండు అంకెలు తారుమారు చేయమని ఫంక్షన్‌కిస్తే లోపల మారతాయి, బయటికొచ్చి చూస్తే ఎక్కడివక్కడే! పాయింటర్లు నేర్చుకుంటే తప్ప దారి దొరకదు. తొలిరోజుల సీలో ఇంకో ముప్పు కూడా ఉండేది. మూడు కావాల్సిన చోట రెండే ఇచ్చినా కంపైలర్ అడిగేది కాదు. 1989 ప్రామాణికంలో ప్రోటోటైప్‌లు వచ్చాకే ఆ తనిఖీ కుదిరింది.

అంగారకుడి దగ్గర తేలిన లెక్క

పరీక్షలో ఒక మార్కు పోతే పోయింది. అంతరిక్షంలో అయితే? నాసా 1998 డిసెంబరులో పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ని చేరి, ఆ గ్రహం వెనక్కి వెళ్లి మళ్లీ పలకలేదు. దర్యాప్తులో తేలిందేమిటంటే, భూమ్మీది ఒక ప్రోగ్రాం చిన్నరాకెట్ల తోపుడు లెక్కను పౌండ్ల కొలతలో రాసిచ్చింది. అందుకున్న ప్రోగ్రాం దాన్ని న్యూటన్ల కొలత అనుకుంది. రెంటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. రెండొందల కిలోమీటర్లు దాటి ఎత్తున వెళ్లాల్సిన నౌక యాభై ఏడు కిలోమీటర్లకి దిగిపోయింది. నౌక ఖరీదే పన్నెండున్నర కోట్ల డాలర్లు. కచ్చితంగా చెప్పాలంటే అక్కడ చేతులు మారింది ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ కాదు, ఒక ఫైలు. కానీ జబ్బు మాత్రం అదే. అంకె వెళ్లింది, అదేమిటో చెప్పే పేరు వెంట వెళ్లలేదు. ఆ తర్వాత సరిగ్గా పదిహేనేళ్ల ఒకరోజుకి, 2014 సెప్టెంబరు 24న, వాకాడు పొరుగునే శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ అదే అంగారకుడి కక్ష్యలో తొలి ప్రయత్నంలోనే కుదురుకుంది.

పరీక్షకి కూర్చునేవాళ్లకి కోచింగులకన్నా పనికొచ్చేది తెల్లకాగితం. ఫంక్షన్ పిలుపు కనబడగానే గడులు గీసి, ఏ అంకె ఎందులో పడుతుందో రాసుకుంటే నిమిషం ఇరవై సెకన్లు సరిపోతాయి. చివర్లో రిటర్న్ ఉందో లేదో చూడ్డం మరవకూడదు. అది లేని ఫంక్షన్ ఇచ్చేది ‘నన్’, సున్నా కాదు. పీసెప్‌కి సరిపడే పైథాన్ ఎసెన్షియల్స్ కోర్సు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కాబట్టి ఐదువేలు కట్టేది పాఠానికి కాదు, పరీక్షకే.

అది పాసై ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్ల కోసం ఒక ప్రశ్న కాచుక్కూర్చుని ఉంటుంది. రాయి అనే ఫంక్షన్‌కి పేరు, పద్దు అని రెండు గడులు. పద్దుకి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు. ఇచ్చిన పేరును పద్దులో చేర్చి, పద్దు తిరిగిస్తుంది. మొదటిసారి రొయ్య అని ఇచ్చారు, ‘రొయ్య’ ఒక్కటే వచ్చింది. రెండోసారి చేప అని ఇస్తే? చేప ఒక్కటే అనేవాళ్లే ఎక్కువ. వచ్చేది మాత్రం రొయ్య, చేప రెండూ. ఎందుకంటే ఆ ఖాళీ పుస్తకం కొన్నది కొట్టు తెరిచినప్పుడు ఒక్కసారే. వచ్చిన ప్రతి గిరాకీకీ కొత్తది కొనరు.