సమూహ సిద్ధాంతం - ఒక చేతిరుమాలు

'అల్జీబ్రా' అను పేరు తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరాన అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథనామంలోని 'అల్ జబ్ర్' అను మాట నుండి వచ్చినది. అరబ్బీలో ఆ మాటకు విరిగినదానిని తిరిగి అతుకుట అని అర్థం. ఉర్దూలో 'జబ్ర్' అనగా బలవంతం. డిగ్రీ తరగతులలో అమూర్త బీజగణితం చదివే మన విద్యార్థులకు ఈ రెండవ అర్థమే ముందుగా స్ఫురించుటలో ఆశ్చర్యం లేదు. సంవృతం, సాహచర్యం, తత్సమం, విలోమం అని నాలుగు ధర్మాలను వల్లించి, పరీక్షలో వ్రాసి, సెలవులలో మరచిపోవుదురు.

నిర్వచనాన్ని కాసేపు పక్కన ఉంచి, సిరిసిల్లలో నేసిన చదరపు చేతిరుమాలు ఒకటి తీసుకొనుడు. ఎడమ పైమూల నుండి వరుసగా కుడివైపు తిరుగుతూ నాలుగు మూలలకు అ, ఆ, ఇ, ఈ అని రెండు వైపులా కనబడునట్లు గుర్తు పెట్టుడు. రుమాలు తన చోటనే అమరునట్లు ఎన్ని విధాల త్రిప్పవచ్చును? నాలుగు భ్రమణాలు, నాలుగు తిరగవేతలు, మొత్తం ఎనిమిది. ఏమీ చేయకుండుట కూడా భ్రమణాలలో ఒకటి, అదే తత్సమం. నాలుగు అక్షరాలను 24 విధాల అమర్చవచ్చును గాని తక్కిన 16 అమరికలు రుమాలును చింపనిదే రావు. ఇప్పుడు కుడివైపుగా పావు చుట్టు త్రిప్పి, పిదప కుడిఎడమలు తారుమారగునట్లు తిరగవేయుడు: ఎడమ పైమూలన 'అ' వచ్చును. ముందు తిరగవేసి తరువాత త్రిప్పినచో అచ్చటనే 'ఇ' వచ్చును. వినిమయ ధర్మం అన్నిచోట్ల చెల్లదను సంగతి ఇట్లు కంటికి కనబడును.

శిక్షణ అనగా ఇటువంటి పనియే. ఆచార్య ఎస్. కుమరేశన్ గారి ఆధ్వర్యాన 1993లో మొదలైన ఎం.టి.టి.ఎస్. వేసవి శిబిరాలలో బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. విద్యార్థులకు నాలుగు వారాలు ఉపన్యాసాలకన్న ప్రశ్నలే ఎక్కువ. నిర్వచనం చెప్పగానే ఉదాహరణ ఏది, ఉదాహరణ కానిది ఏది అని విద్యార్థినే అడుగుదురు. పరిశోధన ప్రారంభించినవారికి నేషనల్ సెంటర్ ఫర్ మేథమెటిక్స్ వారి పాఠశాలలు కలవు. అచ్చట పాఠం తరువాత సమస్యాసాధన తరగతి తప్పనిసరి.

వీటిలో బోధన ఆంగ్లంలో సాగును. జగిత్యాల, కోరుట్ల విద్యార్థులు దరఖాస్తుకే జంకుటకు ఇదొక కారణం కావచ్చును. కాని 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత గణితం ఉర్దూలోనే బోధింపబడినది. లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి వచ్చిన రజియుద్దీన్ సిద్దీఖీ వంటివారు అచ్చట ఆచార్యులు. భావం తన భాషలో పట్టుబడినవానికి ఆంగ్లంలో నేర్వవలసినవి కొన్ని పదుల మాటలు మాత్రమే.

కళాశాల సంఘంవారు వారానికొక గంట, ఒక నల్లబల్ల కేటాయించినచో చాలును. మొదటి ప్రశ్న ఇది: రుమాలు ఎనిమిది చలనాలలో నాలుగు భ్రమణాలు తమలో తామే ఒక సమూహం. సరిగా మూడు చలనాలతో అట్టి ఉపసమూహం దొరకునా? లగ్రాంజి సిద్ధాంతం తెరువక, ముందు రుమాలుతో ప్రయత్నించుడు.