కరెంటు ఖాతా ఎవరికి?

రైతు సోదరులారా! ఉయ్యూరులో చెరకు తోలిన డబ్బు చేతికొచ్చింది. ఏ ఖాతాలో వేద్దాం?

కరెంటు ఖాతాకు వడ్డీ లేదు. కనీస నిల్వ కూడా సాధారణంగా ఎక్కువే ఉంచాలి. తగ్గితే రుసుము పడుతుంది. అయినా రోజూ జమలు, చెల్లింపులు జరిగే ఎరువుల కొట్టుకు, బెల్లం వ్యాపారికి అదే అనువు.

మరి మనకో? సొమ్ము ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. అందుకు పొదుపు ఖాతాయే మేలు. ఏటా నూటికి రెండున్నర వడ్డీ అనుకుందాం. లక్ష రూపాయలు ఆరు నెలలు కదలకుండా ఉంటే 1,250 రూపాయలు వస్తాయి. కరెంటు ఖాతాలో వేస్తే అంతా వదులుకున్నట్టే.

సేద్యంతోబాటు వ్యాపారమూ ఉంటే రెండు ఖాతాలు విడిగా పెట్టుకోండి. సంతకం చేసేముందు కనీస నిల్వ ఎంతో, తగ్గితే కోత ఎంతో తప్పక అడగండి.