అల్ట్రావైడ్ మానిటర్ – గ్రాఫిక్స్ కార్డుపై భారం

ఎమ్మిగనూరు మగ్గంపై బట్ట పన్నా పెరిగితే పడుగు పోగులు పెరుగుతాయి, నేతగానికి పని పెరుగుతుంది. మానిటరు విషయమూ అంతే. ప్రతి ఫ్రేములోని ఒక్కొక్క పిక్సెల్ రంగునూ గ్రాఫిక్స్ కార్డే లెక్కకట్టాలి.

1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. అల్ట్రావైడ్ తెరలలో 2560×1080కి 27,64,800, 3440×1440కి 49,53,600 ఉంటాయి. అంటే భారం వరుసగా 1.33 రెట్లు, దాదాపు 2.4 రెట్లు.

ఉదాహరణకు, మీ ఆట 1920×1080లో సెకనుకు 90 ఫ్రేములు ఇస్తోందనుకోండి. అదే కార్డుతో 2560×1080లో సుమారు 67, 3440×1440లో సుమారు 38 మాత్రమే రావచ్చు.

కాబట్టి ఆదోనిలో దుకాణానికి వెళ్లేముందే ఈ భాగహారం చేసి చూడండి. ఫలితం 60 కంటే తగ్గితే తక్కువ రిజల్యూషన్ తెర ఎంచుకోండి. లేకుంటే మానిటరు ఖర్చుకు కొత్త కార్డు ఖర్చు తోడవుతుంది.

అభ్యాసం: ఇప్పుడు 120 ఫ్రేములు వస్తుంటే మీకు ఏ తెర తగినది?